క్యారియరెక్కే తిమ్మక్క

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద, మరకల్లు ఊరికి ఎడమవైపు తిరిగే మలుపులో, మూతపడిన జిన్నింగు మిల్లు ఒకటుంది. పగటిపూట దాన్నెవరూ పట్టించుకోరు. పైన రేకులు సగం లేవు. గేటుకు తాళముంది గానీ, గేటు పక్కన ప్రహరీ గోడ లేదు. మేకలు దర్జాగా లోపలికి పోయి మేసి వస్తాయి.

పొద్దు గూకిందంటే మాత్రం... కబుర్లు చెప్పుకుంటూ వచ్చేవాళ్లు కూడా ఆ మలుపు దగ్గర నోరు మూసుకుంటారు.

అక్కడ తిమ్మక్క ఉంది.

చూసినవాళ్లు తక్కువ, తెలిసినవాళ్లు ఎక్కువ. మరకల్లులో ఎవరినడిగినా చెబుతారు. పత్తి గింజ తీసే ఆ మిల్లులోనే తిమ్మక్క పని చేసేదట. ఒక రాత్రి షిఫ్టు దిగి, ఊరికి ఒంటరిగా నడుచుకుంటూ బయల్దేరిందట. ఊరు చేరలేదట. లారీ గుద్దిందని కొందరంటారు, పాము కరిచిందని కొందరంటారు. మిగతా కథలో మాత్రం ఎవరికీ తేడా లేదు. నడిచి నడిచి విసుగొచ్చిన తిమ్మక్క, ఇప్పుడు ఏ బండి ఒంటరిగా వచ్చినా వెనక ఎక్కి కూర్చుంటుంది. చెయ్యెత్తదు. ఆపమనదు. ఎక్కడిదాకా పోతావని అడగదు. ఎక్కినట్టు తెలిసేది ఒక్క గుర్తుతోనే — బండి ఉన్నట్టుండి బరువెక్కుతుంది.

అప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే...

ఆ 'చూస్తే' తర్వాత ఏమిటో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. కనుబొమ్మలెగరేసి ఊరుకుంటారు. మన ఊహకు వదిలేస్తే మనమే ఎక్కువ భయపడతామని వాళ్లకు బాగా తెలుసు.

సునీత ఆ ఊరికి కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే ఈ కథ విన్నది. విని, "పాపం, ఎవరన్నా ఒకపారి ఇంటికాడ దించేస్తే పోతాది కదా" అన్నది. అత్త రంగమ్మ గబుక్కున కోడలి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ మాట ఆయమ్మకు ఇనపడితే నీ బండే ఎక్కుతాది."

అప్పటికి సునీతకు బండి లేదు. పొద్దున పత్తి ఏరడానికి పోవడం, సాయంత్రం నడుము పట్టుకుని రావడం, అంతే. తర్వాత ఆదోని బజారులో ఒక చీరల అంగట్లో పని దొరికింది. పత్తి ఏరిన చేతులతోనే నూలు చీర మడత విప్పి, ఒక్క విసురుకు కొంగు పరిచి చూపించేది. నెల తిరక్కముందే, వచ్చిన ఆడవాళ్లు గుమ్మంలోనే "సునీత ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. తన పేరు పెట్టి, తన కోసం అడిగేవాళ్లు ఈ లోకంలో ఉంటారని సునీతకు అంతవరకూ తెలియదు. ఆ పనంటే ఆమెకు ప్రాణం.

చిక్కల్లా సాయంత్రంతోనే. అంగడి మూసేసరికి చివరి బస్సు వెళ్లిపోయేది. అందుకని భర్త శేఖర్, ఎవరో వాడిన ఎలక్ట్రిక్ సైకిలొకటి కొని తెచ్చాడు. తొక్కితే సైకిలు, తొక్కకుండా పిడి తిప్పితే బండి. చప్పుడే ఉండదు.

రెండు నెలలు బాగానే గడిచింది. ఒకరోజు మిల్లు మలుపులో ఎడమకు తిరగబోతూ సునీత చెయ్యి చాపింది. చీకట్లో ఆ చెయ్యి వెనక లారీవాడికి ఏం కనబడుతుంది? గాలి కొట్టినట్టు పక్కనుంచి దూసుకుపోయాడు. హ్యాండిలుకు తగిలించిన టిఫిను సంచి లారీతోపాటే పోయింది.

సంచీ పోయిందని సునీత నవ్వుతూ చెప్పింది. శేఖర్ నవ్వలేదు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

శేఖర్ ఎమ్మిగనూరులో బోరు మోటార్లకు వైండింగు కట్టే అంగట్లో పనివాడు. కాలిన మోటారును వాసన చూసి రోగం చెబుతాడు. వైరింగులో తన మాటకు తిరుగు లేదని అతని నమ్మకం. ఆ ఆదివారం వాకిట్లో సైకిలును తలకిందులుగా నిలబెట్టి పొద్దంతా కూర్చున్నాడు.

సైకిలు బ్యాటరీ ముప్పై ఆరు వోల్టులది. అతను తెచ్చిన దీపాలేమో మోటార్ సైకిళ్లకు వాడే పన్నెండు వోల్టులవి. నేరుగా కలిపితే ఠప్పున పోతాయి. అందుకని నడుమ వోల్టులు దించే చిన్న కన్వర్టరు బిగించాడు. ఎడమకొకటి, కుడికొకటి పసుపు దీపాలు. అవి టిక్కు టిక్కుమని కొట్టుకునేందుకు ఫ్లాషరు. వెనక ఎర్ర దీపం. బ్రేకు నొక్కితే ఆ ఎర్ర దీపం వెలగాలి, అదే క్షణంలో మోటారు కూడా ఆగాలి. రెండింటికీ ఒకటే కరెంటు వైరు లాగాడు.

"బ్రేకు వైరుకు కరెంటొచ్చిందంటే ఎర్రది ఎలుగుతాది, మోటారు నిలుస్తాది. లెక్క అంతే" అని భార్యకు చూపించాడు. వైర్లన్నీ ఒక కట్టగా క్యారియరు కిందికి తెచ్చి, అక్కడ అతుకులేసి, అతుకుల మీద నల్ల టేపు చుట్టాడు.

మర్నాటి రాత్రి సునీత మలుపు దగ్గర బొటనవేలితో ఎడమ స్విచ్చి నొక్కింది. టిక్కు... టిక్కు... వెనక వస్తున్న లారీ తనంతట తనే నెమ్మదించింది. అంత పెద్ద లారీ తన వేలికి లొంగడం చూసి సునీతకు గర్వం ముంచుకొచ్చింది. ఇంటికొచ్చి శేఖర్‌కు రెండు రొట్టెలు ఎక్కువ పెట్టింది.

ఇలా ఒక వారం.

తర్వాత అమావాస్య వచ్చింది.

అమావాస్య పూట బండికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టకపోతే రంగమ్మకు కాలూ చెయ్యీ ఆడదు. లారీ సంగతి విన్న దగ్గర్నుంచీ ఆమె మనసు మనసులో లేదు. లారీవాడు చూడకపోవడమేమిటి, చూడనిచ్చింది ఎవరో తనకు తెలియదా? తెల్లారకముందే లేచి, నిమ్మకాయకు మిరపకాయలు గుచ్చి సిద్ధంగా పెట్టింది.

"హ్యాండిలుకు కట్టు అత్తా" అన్నది సునీత.

"ఎనకనించి ఎక్కేదానికి ముందర కడితే ఏం లాభం మే?" అన్నది రంగమ్మ.

దారంతో కడితే దెయ్యం తెంపుకుంటుందని సన్న ఇనుప తీగ తీసుకుంది. క్యారియరు కింద నాలుగు చుట్లు చుట్టి, కటింగ్ ప్లేరుతో మెలిపెట్టి బిగించింది. రంగమ్మ కట్టిందంటే ఎద్దు లాగినా ఊడదు.

ఆ రాత్రి సునీత మిల్లు దగ్గరికొచ్చేసరికి రోడ్డు నిర్మానుష్యంగా ఉంది. గాలి లేదు. మిల్లు గోడ మాత్రం చీకట్లో ఇంకొంచెం చీకటిగా కనిపిస్తోంది. భయం లేదుగానీ... అటు చూడకుండానే ఎడమ స్విచ్చి నొక్కింది.

సైకిలు బరువెక్కింది.

పిడి తిప్పింది. లాభం లేదు. ఎవరో వెనక పట్టుకుని లాగుతున్నారు — లాగి, వదిలి... లాగి, వదిలి. కాళ్లతో తొక్కింది. సైకిలు కదిలింది గానీ, మూట వేసుకున్నంత బరువు.

వెనక్కి చూడలేదు. చూడకపోయినా ఒకటి కనబడింది. పక్కనున్న మిల్లు గోడ ఎర్రగా మెరిసింది. ఆరింది. మళ్లీ ఎర్రగా...

మలుపు తిరిగాక స్విచ్చి ఆపడం ఆమెకు అలవాటు. చెయ్యి దాని పని అది చేసింది. సరిగ్గా అప్పుడే, ఎవరో దిగినట్టు, సైకిలు తేలికైపోయింది.

వాకిట్లో రంగమ్మ ఎదురు చూస్తోంది. కోడలి మొహం చూడగానే అర్థమైంది. "ఆగు! గడప దాటొద్దు!" అని అరిచి, సైకిలును వీధిలోనే ఆపించింది. దెయ్యం తాకిన నిమ్మకాయతో బండి ఇంట్లోకి రాకూడదు. తీగ తెంచి, నిమ్మకాయను తీసుకుపోయి మూడు దోవల దగ్గర పారేసి, కాళ్లు కడుక్కుని వచ్చింది. అప్పుడుగానీ సైకిలుకు ఇంట్లోకి అనుమతి దొరకలేదు.

శేఖర్ సైకిలును పరీక్ష చేశాడు. బ్రేకు నొక్కాడు, ఎర్ర దీపం వెలిగింది. ఎడమ నొక్కాడు, పసుపు దీపం కొట్టుకుంది. కుడి నొక్కాడు, అదీ కొట్టుకుంది. వెనక చక్రం ఎత్తి మోటారు తిప్పాడు. ఈగ తిరిగినట్టు తిరిగింది.

"నా వైరింగులో ఏం తప్పు లేదు" అన్నాడు.

"నేనేమన్నా వైరింగన్నానా?" అన్నది రంగమ్మ.

తెల్లారగానే కొత్త నిమ్మకాయ కట్టింది. ఈసారి తీగ ఆరు చుట్లు.

ఆ రాత్రి మళ్లీ అదే బరువు. అదే లాగుడు. గోడ మీద అదే ఎర్ర వెలుగు. ఈసారి దూరంగా పొలంలో ఎవరో "అమ్మో!" అని అరిచారు. సునీత ఇంటికి చేరేసరికి చీర చెమటకు తడిసింది. గుమ్మం దగ్గర రంగమ్మ తీగ తెంచింది, నిమ్మకాయ పారేసింది, కాళ్లు కడుక్కుంది. శేఖర్ మళ్లీ పరీక్ష చేశాడు. దీపాలన్నీ బుద్ధిగా వెలిగాయి.

పొద్దున్నే బజారి వచ్చాడు. బజారికి ఊళ్లో గొర్రెలున్నాయి, గొర్రెలకంటే ఎక్కువ కబుర్లున్నాయి. రాత్రి అరిచింది తనేనని ఒప్పుకోలేదు గానీ, చూసింది మాత్రం తనేనన్నాడు.

"నీ ఎనకాలే కూచోనుండాది మే" అన్నాడు గొంతు తగ్గించి. "నా కండ్లారా సూసినా. నడుమ ఎర్ర కన్ను... పక్కన పసుపు కన్ను. రెండూ కొట్టుకుంటాండాయి."

సునీత చేతిలో చెంబు జారింది. "నన్నే సూస్తాండెనా?"

"నిన్ను గాదు. నన్ను!" అన్నాడు బజారి. ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో భయంతోపాటు కొంచెం గొప్ప కూడా ఉంది.

బజారి పోయాక శేఖర్ సైకిలు వైపు చాలాసేపు చూశాడు. తన వైరింగు తప్పైతే దెయ్యం లేదు. దెయ్యం ఉందంటే తన వైరింగు తప్పు కాదు. రెండింటిలో ఏదో ఒకటి నమ్మాలి. పనిమీద అంత నమ్మకమున్న మనిషి, పాపం, దెయ్యాన్నే నమ్మాడు.

"ఈ ఒక్కరోజు సూస్తాం సునీతా" అన్నాడు చివరికి. "ఈ రాత్రి గూడా అట్లనే అయితే... ఇంగ పని వద్దు. అంగట్లో సెప్పేసి రా."

"పని మానేస్తే ఏం చెయ్యాల?"

"పత్తికి పోవచ్చు. ముందు పోలేదా?" అన్నది రంగమ్మ. కోపంగా అనలేదు. భయంగా అన్నది. అందుకే సునీత ఎదురు చెప్పలేకపోయింది. కోప్పడే అత్తతో అయితే పోట్లాడొచ్చు, ప్రాణభయంతో నిమ్మకాయ కట్టే అత్తతో ఎలా పోట్లాడతారు?

రంగమ్మ మూడో నిమ్మకాయ కట్టింది. తీగ ఎన్ని చుట్లు చుట్టిందో ఆమెకే తెలియాలి.

ఆ రోజు అంగట్లో ఒకావిడ వచ్చి, పెళ్లికూతురి చీరకు సునీతే కావాలని కూర్చుంది. ఎంత మంది అడిగినా వేరేవాళ్ల దగ్గరికి పోలేదు. సునీత ఒక్కొక్క చీరా పరుస్తూ ఉంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. రేపటి నుంచి ఈవిడ వచ్చి "సునీత ఉందా?" అంటే, లేదని చెబుతారు. రెండుసార్లు అడుగుతారేమో. మూడోసారి ఇంకొకరి పేరు అడుగుతారు.

అంగడి మూశారు. సునీత సైకిలెక్కింది.

ఆదోని దాటింది. దీపాలు వెనకబడ్డాయి. రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి పొలాలు. ఎక్కడా మనిషి అలికిడి లేదు. చక్రాలు తిరిగే చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. దూరంగా మిల్లు గోడ కనిపించింది. పెద్దదవుతోంది... ఇంకా పెద్దదవుతోంది...

ఇక్కడిదాకా సైకిలు తేలిగ్గానే వచ్చింది. ఒక్క కుదుపు లేదు.

స్విచ్చి నొక్కకుండా, దీపం లేకుండా, గప్‌చుప్‌గా తిరిగేద్దామా అనుకుంది. అంతలో వెనక లారీ వెలుగు పడింది. నొక్కక తప్పదు. పళ్లు బిగించి, ఎడమ స్విచ్చి నొక్కింది.

ఎక్కింది!

లాగి, వదిలి... లాగి, వదిలి... లారీ నెమ్మదించి, పక్కకు తప్పుకుని వెళ్లిపోయింది. మళ్లీ చీకటి. సైకిలు మలుపు తిరిగి, సరిగ్గా మిల్లు గేటు ముందు ఆగిపోయింది.

సునీత కాళ్లు కింద పెట్టింది. తొక్కి పారిపోవాలని ఉంది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు వెనకాలే ఒళ్లు మండింది. పొద్దుపోయేదాకా నిలబడి పనిచేసి ఇంటికి పోతున్న ఆడమనిషిని పట్టుకుని ఆపడానికి ఈ తిమ్మక్కకు ఏం హక్కుంది? అదీ, తను కూడా ఒకప్పుడు పనిచేసి ఇంటికి బయల్దేరిందే!

"ఏం కావాల నీకు?" అన్నది. గుసగుసగానే అన్నది.

మాట లేదు. టిక్కు... టిక్కు... టిక్కు...

చెయ్యకూడని పని చేసింది. వెనక్కి తిరిగింది.

క్యారియరు మీద ఎవరూ లేరు. దాని కింద ఎర్ర దీపం వెలుగుతోంది, ఆరుతోంది. పక్కన పసుపు దీపం వెలుగుతోంది, ఆరుతోంది. రెండూ ఒకేసారి. గోడ మీది ఎరుపూ అప్పుడే. ముందర ఫ్లాషరు టిక్కుమనేదీ అప్పుడే.

సునీత బ్రేకు మీద చెయ్యి చూసుకుంది. బ్రేకు నొక్కలేదు. మరి ఎర్రది ఎందుకు వెలుగుతోంది?

మెల్లగా బొటనవేలు జరిపి స్విచ్చి ఆపింది. ఎరుపు పోయింది, పసుపు పోయింది, గోడ మీది వెలుగూ పోయింది. మళ్లీ నొక్కింది. అన్నీ వచ్చాయి. ఆపింది. పోయాయి.

"ఎక్కు" అన్నది, నొక్కి.

"దిగు" అన్నది, ఆపి.

తిమ్మక్క చెప్పిన మాట వింటోంది. ఎక్కమంటే ఎక్కుతోంది, దిగమంటే దిగుతోంది. ఇంత మాటవినే దెయ్యం గురించి ఊళ్లో ఎవరూ చెప్పలేదు. సునీతకు నవ్వొచ్చింది. ఆ చీకట్లో, ఆ మిల్లు ముందు, ఒక్కతే నవ్వింది. పొలాల్లో ఆ రాత్రి బజారి లేకపోవడం అతని అదృష్టం.

అంగడి నుంచి ఇంటిదాకా దారిలో ఎడమ స్విచ్చి నొక్కే చోటు ఇదొక్కటే. బజారులో జనం మధ్య సైకిలు దిగి నడిపించుకొస్తుంది. ఆ తర్వాత మలుపుదాకా తిన్నటి రోడ్డు. పొద్దున పోయేటప్పుడు నొక్కేది కుడిది. దెయ్యం ఉన్నది చోటులో కాదు, స్విచ్చిలో.

ఫోను వెలుగులో వంగి క్యారియరు కింద చూసింది. నిమ్మకాయ వేలాడుతోంది. దాన్ని పట్టిన ఇనుప తీగ చుట్టు మీద చుట్టుగా బిగుసుకుని, నల్ల టేపును కోసుకుని లోపలికి దిగింది. ఒక పక్క ఎడమ దీపం అతుకు, ఇంకో పక్క బ్రేకు అతుకు. రెండింటినీ అత్తగారి తీగ ఒక్కటి చేసేసింది. ఎడమ దీపానికి పోవాల్సిన కరెంటు తీగ మీదుగా బ్రేకు వైరులోకీ పోతోంది. మోటారు పాపం, ఎవరో బ్రేకు నొక్కారనుకుని ఆగుతోంది. దీపం ఆరినప్పుడల్లా మళ్లీ లేవబోతోంది. అదే లాగుడు, అదే వదులుడు.

మరి ఇంట్లో ఎందుకు దొరకలేదు? ఎట్లా దొరుకుతుంది! శేఖర్ పరీక్ష చేసే ముందే రంగమ్మ తీగ తెంచేసేది. పొద్దున్నే మళ్లీ కట్టేది. దెయ్యాన్ని రోజూ పొద్దున బిగించి పంపి, రాత్రి గుమ్మంలో విప్పేసేది.

సునీత తీగ మెలిక విప్పి, నిమ్మకాయను సంచిలో వేసుకుంది. టేపు చివరలు అతుకుల మీదికి లాగి ఒత్తింది. స్విచ్చి నొక్కింది. పసుపు దీపం ఒక్కటే కొట్టుకుంది. పిడి తిప్పితే సైకిలు ఇంటివైపు జుయ్యిన పోయింది.

వాకిట్లో అత్తా, భర్తా ఇద్దరూ నిలబడి ఉన్నారు. రంగమ్మ కటింగ్ ప్లేరు పట్టుకుని క్యారియరు దగ్గరికి వచ్చి వంగింది.

"నిమ్మకాయ యాడుండాది?"

సునీత సంచిలోంచి తీసి చూపించింది. నిదానంగా, ఎవరి మనసూ నొచ్చకుండా చెప్పాలనుకుని దారంతా మాటలు కూర్చుకుంది. ఆ మాటలన్నీ ఎగిరిపోయాయి. "తిమ్మక్క ఈడుండాదత్తా. నీ తీగలో" అనేసింది. తర్వాత జరిగిందంతా చెప్పింది.

శేఖర్ వంగి టేపు చూశాడు. తీగను అతుకులకు ఆనించి స్విచ్చి నొక్కాడు. తిమ్మక్క వచ్చింది. తీగ తీశాడు, పోయింది. "నా వైరింగులో తప్పు లేదని ముందే సెప్పినా!" అని గట్టిగా నవ్వాడు. మూడు రోజుల తర్వాత అతనికి ఊపిరాడినట్టయింది.

రంగమ్మ నవ్వలేదు. అరుగు మీద కూర్చుండిపోయింది. కోడలి కోసం తెల్లారకముందే లేచి కట్టిన నిమ్మకాయ అది. సునీత పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"తప్పుగా అనుకోవద్దత్తా..."

"తిమ్మక్కను పుట్టిచ్చింది ఈ తీగ గాదు మే" అన్నది రంగమ్మ. "నేను."

శేఖర్ నవ్వు ఆగింది.

"వీడు కడుపులో ఉన్నప్పుడు నేనూ ఆ మిల్లులోనే పని. రాత్రి షిఫ్టు దిగి, సీకట్లో నడుసుకుంటా రావాల. దోవలో తాగుబోతులు. బండి ఏర్పాటు సెయ్యప్పా అని సావుకారిని ఎన్నిమార్లు అడిగినామో. ఇనలేదు. ఒకరోజు నేను గేటుకాడ ఎవురో ఆడమనిషిని సూసినానని సెప్పినా. మర్నాడు ఇంగొకామె నేనూ సూసినానన్నది. పేరేమంటే... నా నోటికి తిమ్మక్క అని వచ్చె. వారం తిరక్కముందే వాచ్‌మన్ గూడా సూసినాడు!" రంగమ్మ మొహంలో ఒక్క క్షణం పాత అల్లరి మెరిసింది. "ఇంగ రాత్రి షిఫ్టుకు ఒక్కరూ పోలేదు. సావుకారి దిగొచ్చి ట్రాక్టరు పెట్టినాడు. మిల్లు మూసేదాకా అందరం ట్రాక్టరులోనే ఇంటికొచ్చినాం."

"అంటే తిమ్మక్క లేనే లేదా!" అన్నాడు శేఖర్.

"లేదు."

"మరి ఈ నిమ్మకాయలు ఏమిటికి?" అన్నది సునీత.

రంగమ్మ వీధి చివర చీకటి వైపు చూసింది. "లేదు గానీ... అన్నేండ్లు ఊరంతా ఉండాది ఉండాది అనిరి కదా. ఆయమ్మ పేరు సెప్పి మేమందరం బండెక్కి ఇండ్లకొచ్చినాం. ఆయమ్మను మాత్రం ఆడనే ఇడిసిపెట్టినాం. ఆయమ్మకు మనసులో బాధ ఉండదా?"

సునీత నిమ్మకాయను అరుగు మీద మెల్లగా పెట్టింది.

"నువ్వు పని మానొద్దు" అన్నది రంగమ్మ లేస్తూ. "ఇంటికి బద్రంగా రాడానికి మేం దెయ్యాన్నే పుట్టిస్తిమి. నువ్వు దీపాలేసుకోని వస్తాండావు. ఎవురేమన్నా నేను సెప్తా. పో పనికి."

సునీత కళ్లు తుడుచుకుంది. అత్తను పట్టుకుని గట్టిగా అదుముకుంది.

"ఒక పని సెయ్" అన్నది రంగమ్మ, కోడలి భుజం మీంచి. "ఒకపారి నన్ను ఆడికి పిలుసుకోని పో. ఇప్పుడే."

శేఖర్ వద్దన్నాడు. రంగమ్మ వినే రకమైతే ఇంత కథ జరిగేదే కాదు. అతను అతుకులకు కొత్త టేపు చుట్టేదాకా ఓపిక పట్టి, చెప్పులేసుకుని క్యారియరెక్కింది.

మిల్లు గేటు ముందు సునీత సైకిలాపింది. రంగమ్మ దిగి, కూలిన గోడ దగ్గరికి నడిచింది. చీకట్లో ఆమె తెల్లటి జుట్టు మాత్రం కనబడుతోంది. గేటు కడ్డీ పట్టుకుని, పక్కింటామెను పిలిచినట్టు, మెల్లగా పిలిచింది.

"తిమ్మక్కా... షిఫ్టు అయిపాయ మే. ఇంటికి పోదాం రా."

లోపల ఏదో కదిలింది. రేకో, మేకో... సునీత అటు చూడలేదు.

రంగమ్మ తిరిగొచ్చి క్యారియరెక్కింది. సునీత పిడి తిప్పింది. సైకిలు కదిలింది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా. అత్త తన వీపుకు మరీ అతుక్కుపోయి, సీటు మీదికే వచ్చేసినంత ఇరుకుగా కూర్చుంది.

"ఎనక్కి జరిగి సరిగ్గా కూచో అత్తా, పడతావు" అన్నది సునీత.

రంగమ్మ ఆమె నడుము చుట్టూ చెయ్యి బిగించింది. చెవి దగ్గరికి వంగి, గుసగుసగా అన్నది:

"ఎనక చోటు లేదు మే."